వాకిటికి వచ్చు వేలుపు

రాతిదేవుని చూచుటకు మనము పోవలయును. లోహపు దేవుడు మనలను చూచుటకు తానే వచ్చును. దక్షిణదేశపు శిల్పులు వేయి సంవత్సరములకు పూర్వము మైనముతో మలచి, మట్టిలో పొదిగి, రాగిని కరగించి పోతపోసిన ఉత్సవమూర్తులను గూర్చి ఎందఱు ఎన్ని విధములుగ చెప్పియున్నను, నాకు మాత్రము ఆ మూర్తుల అంతరార్థమంతయు ఈ యొక్క సంగతియందే యిమిడియున్నట్లు తోచును: అవి గుడిని దాటి వెలుపలికి వచ్చుటకై పుట్టినవి. వాని నడుము వంపు, పాదముల పొందిక, వెన్నుమీద జాఱు కేశముల వరుస, పీఠమునకు అమర్చిన కడియములు, వాహనదండముల కొఱకు విడిచిన రంధ్రములు, అన్నియు ఆ యాత్రకు కూర్చిన సన్నాహమే. మ్యూజియములో గాజుపెట్టెలోపల, ఒక ప్రక్కనుండి మాత్రమే పడు విద్యుద్దీపపు వెలుగులో, వస్త్రమును పూలమాలయు లేక నిలిచిన మూర్తిని చూచువానికి ఆ సౌందర్యము తెలియకపోదు. కాని ఆ సౌందర్యము ఏ కార్యము కొఱకు ఏర్పడినదో ఆ కార్యము అచ్చట కనబడదు.

ఈ సంగతి గ్రహించుటకు భిలాయి వంటి ఊరు మంచి చోటు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో ఉక్కు కర్మాగారపు ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించునాటికి, దుర్గు సమీపమున నున్న ఈ మైదానమునకు దేశములోని సకలభాషలవారును వచ్చిచేరిరి. వారిలో తెలుగువారు కొలదిమంది కారు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల నుండి, రాయపూరు పోవు రైలెక్కి, పెట్టెయు పరుపుచుట్టయు పట్టుకొని వచ్చి, కోక్ ఓవెన్లలోను రోలింగ్ మిల్లులలోను కుదురుకొని, సెక్టార్ల క్వార్టర్ల ముంగిట ముగ్గులు పెట్టుకొని, పిల్లలకు ఇంటిలో తెలుగును వీథిలో హిందీని అలవఱచి, ఉద్యోగవిరమణానంతరము కూడ ఇచ్చటనే ఇల్లు కట్టుకొనిన కుటుంబములు పెక్కులు. వారు సమస్తమును వెంట తెచ్చుకొనిరి గాని దేవుని తెచ్చుకొనలేకపోయిరి. ఊరి శివాలయములోని లింగము పానవట్టమును విడువదు; చెఱువుగట్టు మీది అమ్మవారు పొలిమేర దాటదు. అందుచేత సెక్టార్ 5లో బాలాజీ మందిరము వెలసిన పిమ్మట, ఉత్సవదినములలో ఆ స్వామి వాహనమెక్కి వెలుపలికి వేంచేసినపుడు ఈ కుటుంబములకు కలుగు పరవశత్వము వట్టి భక్తి మాత్రమే యని నేననుకొనను. తాము ఇల్లు వదలి వచ్చినట్లే ఆయనయు గర్భగృహమును వదలి వచ్చినాడన్న చుట్టఱికమేదో అందులో కలదు.

ఒక ఉత్సవమునాటి ఉదయమున నేను కన్నులార చూచినదే చెప్పుచున్నాను. స్వామి వాహనము వీథిమలుపున ఆగియున్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని సైకిలు మీద వచ్చుచున్న ఒక నడివయసు మనుష్యుడు, హెల్మెట్టును హ్యాండిలుకు తగిలించుకొని, మసి అంటిన చొక్కాతో అల్లంత దూరమున దిగి, బరువైన బూట్లు విప్పి ప్రక్కన పెట్టి, అచ్చటనే చేతులు జోడించి నిలిచెను. అర్చకస్వామి హారతిపళ్లెము చాచి రమ్మనెను. "డ్యూటీ నుంచి తిన్నగా వస్తున్నాను స్వామీ, స్నానం చెయ్యలేదు" అని అతడు వెనుకకు జరిగెను. "ఆయనే నీ దారికి వచ్చాడు, ఇంక స్నానం మాటెందుకయ్యా? రా, ఇంటికి కూడా తీర్థం పట్టుకెళ్లు" అని అర్చకస్వామి తానే రెండడుగులు ముందుకు వేసెను. ఆగమశాస్త్రములు ఉత్సవమూర్తిని గూర్చి చెప్పిన విధినిషేధములు ఎన్నియో కలవు. వాని అన్నిటి తాత్పర్యమును ఆ రెండడుగులలోనే ఉన్నదని నాకు అప్పుడు తోచినది, ఇప్పుడును అట్లే తోచుచున్నది.

గుడిలోనికి అందఱును పోగలిగిన కాలము కాదది, ఈ మూర్తులు పుట్టిన కాలము. నడవలేని ముదుసలి, మంచము పట్టిన రోగి, పురిటిలో నున్న తల్లి, ఆచారము గడప దాటనీయని జనసమూహము, వీరందఱికిని మూలవిరాట్టు వినికిడి మాత్రమే. రాజులును అర్చకులును ఆ విషయమై ఏమి తలచిరో గాని, ఉత్సవము అను ఏర్పాటు మాత్రము వారందఱికిని దేవుని ముఖమును చూపినది. వీథులన్నియు ఆయనకు దారులు కాకపోయి యుండవచ్చును. కొన్ని వాడల మొగమైన చూడక ఆయన రథము మఱలిపోయిన దినములును చరిత్రలో కలవు, ఆ దోషము మూర్తిది కాదు, మోసినవారిది. పదవ శతాబ్దమున చోళదేశములో గండరాదిత్యుని భార్యయు ఉత్తమచోళుని తల్లియు నైన శెంబియన్ మహాదేవి, వైధవ్యము నొందిన పిమ్మట దీర్ఘకాలము జీవించి, ఇటుకగుడులను రాతిగుడులుగ మార్పించుచు, వానికి లోహమూర్తులను సమర్పించుచు పోయినది. ఆమె కాలమునుండియే ఈ శిల్పమునకు ఒక కుదురైన తీరు, తీగవంటి సన్నదనము ఏర్పడినవని విజ్ఞులు చెప్పుదురు. పిదప 1010లో రాజరాజచోళుడు తంజావూరి బృహదీశ్వరాలయమును పూర్తిచేసి, తానును, తన అక్క కుందవైయు, రాణులును, ఉద్యోగులును సమర్పించిన మూర్తుల పట్టికను గోడలమీద చెక్కించెను. మూర్తి యెత్తు ఎన్ని మూరలు, ఎన్ని అంగుళములు, చేతులెన్ని, పీఠమెట్టిది, ప్రభావళి యున్నదా లేదా, ఏయే నగలు చేయించిరి, ఇవి యన్నియు అక్షరములలో నిలిచియున్నవి. అట్లు వర్ణింపబడిన మూర్తులు 60కి పైగా నుండగా, నేడు ఆ గుడిలో మిగిలినవి బహు కొలది. గోడమీది లెక్క నిలిచినది, లెక్కింపబడినది పోయినది. ఆ శాసనములను చదువునపుడు నాకు అది రాజుగారి గొప్పదనముగ తోచదు. పెండ్లికి పోవు బిడ్డ ఒంటిమీది నగలను ఒక్కొక్కటిగ తడవి చూచుకొను తల్లి చేతులు తోచును.

ఇక ఈ మూర్తి పుట్టుక. ఇందులో భిలాయివారికి తెలియని దేదియు లేదు. అయినను ఇంతకంటె భిన్నమైనదియు లేదు.

నేటికిని కుంభకోణమునకు దాపుననున్న స్వామిమలైలో స్థపతులు ఆ పద్ధతిని విడువక పాటించుచున్నారు. మొట్టమొదట కొబ్బరాకు చీలిక నొకదానిని మూర్తి పొడవునకు సరిగ కత్తిరించి, తాళమానము ననుసరించి దానిని మడచుచు, ముఖమునకింత, కంఠమునకింత, వక్షమునకింత అని ఆ మడతలలోనే శరీరమును నిర్ణయింతురు. పిదప తేనెమైనమును గుగ్గిలముతోను నూనెతోను కలిపి మెత్తపఱచి, అవయవములను వేఱువేఱుగ చేసి, వెచ్చని గరిటతో అతికి, యజ్ఞోపవీతపు పోగు మొదలు కాలి అందె వఱకు సమస్తమును మైనములోనే తీర్చుదురు. దానిమీద కావేరి ఒండుమట్టిని, మిక్కిలి మెత్తనిదానిని, తొలిపూతగ పూయుదురు. లోహమునకు నునుపు నిచ్చునది ఆ తొలిపూతయే. ఆ మన్ను వేలి గుర్తును కూడ పట్టుకొనును. తరువాత ముతక మట్టి, ఇనుపతీగల కట్టు, నీడపట్టున ఆఱబెట్టుట, పిడకల సెగ. సెగకు మైనమంతయు క్రింది ద్వారమున కాఱి పోవును. శిల్పి దినముల తరబడి మలచిన మూర్తి ఇప్పుడు లేదు. మట్టిలోపల దాని ఆకారము గల శూన్యమొక్కటి మిగిలినది. ఆ శూన్యములోనికి కరగిన లోహమును ఎడతెగని ధారగ పోయవలయును. చేయి వణకరాదు, ధార తెగరాదు, లోపలి గాలి తప్పుకొను దారి మూసికొనరాదు. రాగి 1085 డిగ్రీల వేడిమికి గాని కరగదు. తగరమును సీసమును కొంత కలిసినచో ధార సుళువుగ పాఱును. చల్లాఱిన పిమ్మట మట్టిని పగులగొట్టుదురు. ఆ మూస మఱి యొకదానికి పనికిరాదు. మూర్తి యొక్కటే, మూస యొక్కటే. రెండవది కావలెనన్న మఱల మైనము మొదలుకొని రావలయును.

పండ్రెండవ శతాబ్దమున పశ్చిమచాళుక్యప్రభువైన సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసములో ఈ విధానము చెప్పబడియున్నది. మైనపుప్రతిమను తూచి, రాగియో ఇత్తడియో అయినచో ఆ తూకమునకు ఎనిమిదింతలో పదింతలో, వెండి యైనచో పండ్రెండింతలు, బంగారమైనచో పదునాఱింతలు గైకొనవలయునట. రాజ్యమేలు ప్రభువు పోతపని తూకములను గ్రంథస్థము చేసెనన్న విషయమును తలచుకొనునప్పుడెల్ల నాకు ఆ కాలముమీద గౌరవము పెరుగుచుండును.

మా ఊరి కార్ఖానాలో లోహము పాఱుట నిత్యకృత్యము. దల్లీ రాజహరా గనుల ఎఱ్ఱని ఖనిజము, నందిని సున్నపురాయి, కోకు బొగ్గు, ఇవి ఫర్నేసులో పడి, 1400 డిగ్రీలకు మించిన ద్రవమై, డ్రిల్లుతో తొలిచిన ద్వారమునుండి కాల్వలలోనికి దూకును. పాఱవలసినది పాఱిన పిమ్మట మడ్ గన్నుతో మట్టిని కొట్టి ఆ ద్వారమును మూసివేయుదురు. ఎంత యంత్రసామగ్రి వచ్చినను కడకు ద్రవలోహమును అడ్డగించునది మట్టియే యన్న సంగతి కాస్ట్ హౌసులో నిలిచి చూచినవారికి స్వామిమలై వెళ్లకయే తెలియును. ఆ వెలుగు చూచి కన్నులు అలవాటు పడినవాడు కంచువిగ్రహమును చూచునపుడు ఘనపదార్థమును చూడడు. ఒకప్పుడు పాఱి, ఇప్పుడు నిలిచియున్న ప్రవాహమును చూచును. కాని భిలాయిలో పుట్టునది పొడవు. 260 మీటర్ల నిడివికి అతికి పంపు రైలుపట్టాలో ఒక మీటరు మఱియొక మీటరువలె నుండవలయును. తేడా యున్నచో అది దోషము, దానివలన ప్రాణములు పోవును. స్థపతి పోతలో ఒకటి మఱియొకదానివలె నుండుటకే వీలు లేదు. ఈ రెండును మనుష్యుని ఘనతలే. ఒకదానిని మెచ్చుటకు రెండవదానిని కించపఱచుట నాకు సమ్మతము కాదు. పట్టాలు లేకున్న మావారు ఇచ్చటికి వచ్చియుండరు. మూర్తులు లేకున్న వచ్చి నిలిచియుండరు.

లోహమున మాత్రమే సాధ్యమైన విశేషము మఱియొకటి కలదు. శిలలో చేయి చాచిన యెడల ఆ చేతికి వెనుక ఆసరా విడువవలయును, లేకున్న విఱుగును. అందుచే రాతిమూర్తి తఱచు వెనుకనున్న పలకను అంటియుండును. లోహము తన బరువును తానే భరించును. కాలెత్తవచ్చును, నాలుగు చేతులను నాలుగు దిక్కులకు విప్పవచ్చును, జటలను గాలిలో పఱవవచ్చును. వీథిలో జనులు నాలుగు వైపుల నుండియు చూతురు గనుక, వెన్నును కూడ ముఖముతో సమానమైన శ్రద్ధతో తీర్చిరి. పల్లకి సాగిపోయిన పిమ్మట వెనుక నడచువానికి కనబడునది వెన్నే కదా! మెడక్రింద కంఠహారపు ముడి, దానినుండి వ్రేలాడు కుచ్చు, నడుము మధ్య సన్నని గాడి, ఇవి యన్నియు అలంకారము మూసిననాడు ఎవరికిని కనబడవని తెలిసియు ఆ శిల్పి తీర్చెను.

ఈ సందర్భమున తిరువెంకాటి వృషవాహనమూర్తిని తలపకుండుట నావలన కాదు. 1011 ప్రాంతమున సమర్పింపబడిన ఈ మూర్తి, మఱుసటి సంవత్సరమున ప్రక్కన చేరిన దేవేరితో కూడ, చిరకాలము భూగర్భమున నుండి బయల్పడి నేడు తంజావూరి కళామందిరమునందు కలదు. శివునకు రెండే చేతులు. శూలము లేదు, డమరుకము లేదు, క్రింద రాక్షసుడు లేడు. కాలిమీద కాలు వేసికొని, నడుము ఒకింత ప్రక్కకు ఒరగించి, పాములతో పెనవేసిన జటలను తలపాగవలె చుట్టుకొని, ఒక చేతిని నందివీపుమీద ఆనించి నిలిచియున్నాడు. నంది లేదు; ఎప్పుడో పోయినది. అయినను ఆ చేయి క్రిందికి పడలేదు, శరీరపు ఒరపు మాఱలేదు. మోచేయి వంపులో, వ్రేళ్ల విశ్రాంతిలో ఆ వృషభము యొక్క ఎత్తు, వెచ్చదనము, ఊపిరి కూడ నిలిచియున్నవి. పొలము పని ముగిసి ఎద్దుమీద చేయి వేసి గట్టున నిలిచిన యువకుని శరీరమును శిల్పి ఎంత తదేకముగ చూచియుండెనో గాని, కైలాసనాథుని అందులో నిలుపుటకు సంకోచింపలేదు. ఈ మూర్తి వీథిలోనికి వచ్చిన నాడు ఆ ఊరి రైతు దేవునిలో ఎవరిని చూచియుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నటరాజును గూర్చి నేను విస్తరింపను. 1918లో ఆనంద కుమారస్వామి శివతాండవమును గూర్చి గ్రంథము ప్రకటించిన నాటినుండి, ఫ్రెంచి శిల్పి రొదాఁ ఆ మూర్తి ఛాయాచిత్రములను చూచి పరవశించి వ్రాసిన వ్యాసము 1921లో వెలువడినప్పటినుండి, జినీవాలోని సెర్న్ పరిశోధనాలయ ప్రాంగణమున 2004లో నటరాజవిగ్రహము నెలకొనిన దాక, ఆ మూర్తికి ప్రపంచము చెల్లింపవలసిన గౌరవము చెల్లించినది. నా ఫిర్యాదు ఒక్కటే: ఆ తేజస్సులో తక్కిన మూర్తులు మఱుగున పడినవి. సోమాస్కందమూర్తిలో తల్లిదండ్రుల నడుమ నాడుకొను బాలుడు, కాళియుని పడగమీద సర్పపుచ్ఛమును పట్టి లేగదూడవలె గంతులిడు కృష్ణుడు, విల్లు పట్టవలసిన చేతిని శూన్యములో ఎత్తి నిలిచిన శ్రీరాముడు, వీరిని మన యింటి పిల్లలకు చూపువారు అరుదు.

తెలుగునాట ఈ సంప్రదాయమునకు తిరుమల కంటె గొప్ప సాక్ష్యము లేదు. పల్లవవంశపు సామవై సమర్పించిన వెండిమూర్తి భోగశ్రీనివాసుడు కౌతుకబేరమై గర్భగృహములోనే అభిషేకములందుకొనును. ఒకప్పుడు ఉత్సవమూర్తిగ నుండిన ఉగ్రశ్రీనివాసుడు, ఆ స్థానమునకు మలయప్పస్వామి వచ్చిన పిమ్మట, సంవత్సరమునకు ఒక్కమాఱు, కైశికద్వాదశినాడు, సూర్యోదయమునకు ముందే వెలుపలికి వేంచేసి మఱలి లోనికి చేరును. శ్రీదేవీభూదేవీసమేతుడై పదునాలుగవ శతాబ్దము నుండి వీథులలో తిరుగుచున్న మలయప్పస్వామియే నేడు మనకు కనులపండువైన దేవుడు. మహాద్వారము దాటి లోనికి పోవు దారిలో కృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన రాగివిగ్రహములు కలవు. భుజములమీద వారి పేర్లు చెక్కబడియున్నవి. రాజ్యములను గెలిచిన ప్రభువు తన రూపమును కదలకుండ ద్వారముకడ నిలిపెను. ఆయన యెదుటినుండి స్వామి వెలుపలికి పోవుచు లోనికి వచ్చుచు నుండును. ఎవరు నిలువవలయునో, ఎవరు కదలవలయునో రాయలకు బాగుగ తెలియును.

భిలాయికి దూరము కాని రాయపూరులో, 1875లో నెలకొల్పబడిన మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియములో, ఈ నేలకే చెందిన పోతపని కలదు. మహానదీతీరమున నున్న సిర్పూరులో 1939లో దొరకిన బౌద్ధలోహమూర్తులు అవి, దక్షిణకోసలమును మహాశివగుప్త బాలార్జునుని వంశమువారు ఏలిన కాలపు పని. కన్నులకు వెండి, పెదవులకు రాగి పొదిగి, మేనికి బంగారుపూత పూసిరి. ఆ నిధిలోనిదని ఎంచబడు తారామూర్తి లాస్ ఏంజెలెస్ మ్యూజియమునకు చేరినది. చోళమూర్తులలోని నడకకు బదులు ఇందులో ఒక లోతైన కూర్చుండుట కలదు. ఇవి వీథికి కాదు, ధ్యానమునకు పుట్టినవి. చిన్నవి గనుక భిక్షువు వెంట కొనిపోదగినవి. ఆ విద్య ఛత్తీస్‌గఢ్‌లో నశింపలేదు. బస్తరులోని కొండగావ్‌లో ఘడ్వా కులమువారు మట్టిదిమ్మమీద మైనపుతీగలను చుట్టి, నేటికిని దంతేశ్వరీదేవిని, గుఱ్ఱపురౌతులను పోతపోయుచున్నారు. మన ఆదిలాబాదు అడవులలో ఓజాలు చేయునదియు అదియే. స్థపతి శాస్త్రము చదివి చేసినదానిని వారు తాతను చూచి చేయుచున్నారు. దేవుని చేయు చేయి కులశాస్త్రముల మెట్లమీద ఎచ్చట నిలిచినను, మైనము కరగు వేడి ఒక్కటే.

ఇచ్చటి కార్మికులును తమ లోహమునకు దేవతను విడువలేదు. 2018లో భిలాయిలో ప్రారంభమైన ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసునకు మహామాయ యని పేరు. విశాఖ ఉక్కు కర్మాగారములో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేసులు కలవు. సెప్టెంబరు 17వ తేదీన ప్రతి షాపులోను యంత్రములు కడిగి, విశ్వకర్మను నిలిపి పూజింతురు. స్వామిమలై స్థపతియు తన వంశకర్తగ తలచునది ఆ విశ్వకర్మనే. ఆనాడు ఇంజనీరు, ఖలాసీ, కాంట్రాక్టు కూలి ఒకే పళ్లెములోని ప్రసాదమును పంచుకొనుట చూచినపుడు నాకు సంతోషము కలుగును.

ఇక, వెలుపలికి వచ్చుటయే స్వభావముగ గల ఈ మూర్తులకు పట్టిన దుఃఖము కూడ ఆ స్వభావముననే యున్నది. మోయదగినది గనుకనే దొంగిలింపదగినది. పదునాలుగవ శతాబ్దారంభమున ఉత్తరదేశపు సేనలు తమిళదేశముమీదికి వచ్చినపుడు, అర్చకులు మూలవిరాట్టును కదపలేక, ఉత్సవమూర్తులను గోతులు త్రవ్వి, ఇసుక పోసి, మంత్రపూర్వకముగ పాతిపెట్టిరి. పాతిన చోటు తెలిసినవారు చనిపోయిరి. నాగలికఱ్ఱుకును గునపమునకును తగులుచు ఆ దేవతలు నేటికిని ఒక్కొక్కరుగ లేచుచున్నారు. 1976లో పత్తూరులో గుడిసెకడ త్రవ్వుచున్న ఒక కూలివానికి దొరకిన నటరాజు అట్లు లేచినవాడే. చేతులు మాఱి మాఱి లండనుకు చేరి, ఒక కెనడా కంపెనీవారు కొనిన పిమ్మట పోలీసులకు చిక్కెను. మూర్తి యెవరిదని వ్యాజ్యము నడచినది. హక్కుదారులుగ న్యాయస్థానము ముందు నిలిచినవారిలో భారతప్రభుత్వము, తమిళనాడు ప్రభుత్వము మాత్రమే కాక, పాడుపడిన ఆ పత్తూరి ఆలయమును, అందలి శివలింగమును కూడ ఉండెను. 1988లో తీర్పు ఆలయమునకు అనుకూలముగ వచ్చి, 1991లో అప్పీలులో ఖాయపడి, నటరాజు స్వదేశమునకు మఱలెను. కదలని శివుడు కదలిపోయిన శివుని కొఱకు సీమ కోర్టులో నిలిచి గెలిచినాడు! ధర్మశాస్త్రములు వ్రాసినవారికి కాని, ఆగమములు కూర్చినవారికి కాని ఇట్టి ఘట్టము కలలోనైన తోచియుండదు. తోచియుండినచో వారు మిక్కిలి ఆనందించియుందురు. తమిళదేశములోని శ్రీపురందాన్ గుడినుండి పోయిన నటరాజును ఆస్ట్రేలియా జాతీయకళామందిరము 2008లో కొనగా, 2014లో ఆ దేశప్రధానియే స్వయముగ తెచ్చి అప్పగించెను.

ఇట్లు వచ్చినవారు, రానున్నవారు, దొంగల భయముచే పల్లెగుడుల నుండి తరలింపబడినవారు, అందఱును కలసి వేలకొలది మూర్తులు తిరువారూరి త్యాగరాజస్వామి ఆలయములోను ఇతరత్రను ఏర్పఱచిన భద్రతాకేంద్రములలో ఇనుపతలుపుల వెనుక వరుసలు తీరియున్నవి. కాపాడుట తప్పు కాదు; పోగొట్టుకొనినవారమే గనుక కాపాడుకొను విధమును విమర్శించుటకు నాకు నోరు రాదు. కాని సంవత్సరములో ఒక్క దినము, ఆ ఊరి తిరునాళ్లనాడు, పోలీసులను వెంటనిచ్చియైనను, ప్రతి మూర్తిని దాని పల్లెకు పంపవలయును. బోయీల భుజములు దొరకనిచో లారీ మీదనే పోనీయుడు. మా భిలాయిలో ట్రాక్టరు మీద స్వామి వచ్చినను మాకు లోపమేమియు కనబడలేదు. నాలుగు వీథులు తిప్పి, మూలపడిన మంచములముందు ఒక్క నిమిషము ఆపి, చీకటి పడకముందే మఱల తాళము వేయుడు. వ్యయమెంత యగునో లెక్క కట్టుటకు అధికారులున్నారు. రాజరాజు ఉద్యోగులవలె మూరలతోను అంగుళములతోను వ్రాసికొని, సంతకములు పెట్టించుకొనియే పంపుడు. ఎవరి మూర్తి ఏ వీథిది అన్న పట్టిక వారియొద్ద ఇదివఱకే కలదు.